ఎర్ర గాజులతో వచ్చిన సుబ్బమ్మ

1966లో నేను నెల్లూరు సముద్రతీరానికి దగ్గర్లో ఒక సబ్ ట్రెజరీలో పింఛన్ల గుమాస్తాను. "గాజులేసుకొని విధవ పింఛనుకొచ్చిన దొంగను పట్టినాడు" అని ఆఫీసుల్లో ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటారు. ఆమె దొంగ కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఉద్యోగి పోతే భార్యకు వచ్చేది ఫ్యామిలీ పెన్షన్. ఆమె పేర వచ్చే ఉత్తర్వును పి.పి.ఓ. అంటాం. మొదటిసారి ఆమె స్వయంగా రావాలి. పుట్టుమచ్చలు, వేలిముద్ర సరిచూసి డబ్బిస్తాం. నిబంధన అంతవరకే.

సుబ్బమ్మది మైపాడు. భర్త సర్కారు ఆఫీసులో జవాను. మద్రాసు ఆసుపత్రిలో పోయాడు, అంత్యక్రియలూ అక్కడే జరిగిపోయాయి. ఆమె పి.పి.ఓ. పట్టుకొని వచ్చేసరికి చేతుల నిండా ఎర్ర గాజులు. వరసలో ఉన్న ఒక రిటైర్డు హెడ్ కానిస్టేబులు ఊరుకోలేదు.

"ఏందమ్మో, మొగుణ్ణి కూడా తోడు తెచ్చుకున్నావా పింఛనుకు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె కిటికీలోకి వంగి మెల్లగా అంది. "అయ్యా, మా అత్తకు చూపు లేదు. మంచంలోనే ఉండాది. కొడుకు పోయినాడని చెప్పలేదు. నా గాజుల చప్పుడు వింటా పడుకోనుంటాది. ఆ ముసలామె ఉన్నన్నాళ్ళూ ఆగితే ఈ పింఛను పోతాదా?"

పోదు. ఏడాదిలోపు ఎప్పుడొచ్చినా వెనకటి నెలలతో సహా ఇస్తాం. అసలు ఆ గాజులతోనే ఆ రోజే ఇవ్వొచ్చు. కానీ వరసంతా నావైపు చూస్తోంది.

అదేమీ ఆమెకు చెప్పలేదు. "ఈ వేషంలో వస్తే ఆఫీసరు నీ మొహం కూడా చూడడు. రావాల్సిన తీరులో రా, పో" అన్నాను.

తర్వాతి వారం బోసి చేతులతో వచ్చింది. "చూసినావా, దారికొచ్చింది" అన్నాడు పక్క సీటు గుమాస్తా. "మొదటే ఇట్లా వస్తే సరిపోయేది కదమ్మా" అన్నాను నేను.

"మీకు సరిపోయింది లెండయ్యా" అందామె. "మీరు పొమ్మన్న మర్నాడే మీ కాడికి రావాలని పొద్దున్నే గాజులు తీసి గూట్లో పెట్టినా. తిరిగొచ్చి వేసుకుందామనుకున్నా. అంతలో మా అత్తకు నీళ్ళు తాపబోతే నా చెయ్యి తడిమింది. మణికట్టు కాడ ఆగిపోయింది. 'నా కొడుకేడే?' అనింది. మళ్ళీ నీళ్ళు ముట్టలేదు. మొన్ననే మట్టి చేసి వచ్చినాము."

 నేను సిరా డబ్బా ముందుకు జరిపాను.

"వేలు ఎక్కడ పెట్టేది?" అని అడిగింది.

చదువు రానివాళ్ళ చెయ్యి పట్టుకొని మేమే సిరా అద్దించి ముద్ర వేయిస్తాం. అలాగే ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఏ చప్పుడూ లేదు. ముసలామె తడిమింది ఈ చేతినే.

ఆ నిజం అప్పుడు ఎవరికీ చెప్పలేదు. గాజులతో వచ్చినామెను నేను తిప్పి పంపిన సంగతి మాత్రం పక్క సీటు గుమాస్తా నోట దొంగను పట్టిన కథగా ఆఫీసులన్నీ తిరిగింది. మెచ్చుకుంటుంటే ఊరుకున్నాను. అప్పటినుంచి భర్త పోయిన మనిషి నా కిటికీ దగ్గరికి వస్తే, ఎన్నాళ్ళు ఆగొచ్చో ముందు చెబుతాను. కాగితాలు ఆ తర్వాత అడుగుతాను. చేతులవైపు చూడను.