రెండాకులు పెట్టిన పాపానికి

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, ఒక ముచ్చట చెబుతాను. మాది నగరి. మా ఆయన మరమగ్గం నడుపుతారు. పెళ్లయి ఇరవై ఏళ్లయినా, ఆయన తిన్నాక నేను తినడమే తప్ప పక్కపక్కన కూర్చుని ఒక్కపూటా తిన్నది లేదు. ఆ కోరిక తీర్చుకుందామని మొన్న జనవరి ఒకటిన, మగ్గానికి సెలవు కదా, ఫోనులో జంటలు తినేది చూసినట్టే మిద్దె మీద బల్లా కుర్చీలూ వేసి, కొత్త గుడ్డ పరిచి, బంతిపూలు చల్లి, దీపం పెట్టి, రెండాకుల్లో వడలూ చిత్రాన్నమూ వడ్డించాను.

చీర మార్చుకుని వచ్చేసరికి ఆయన తలకు పోసుకుని, తడిబట్టలతోనే బల్లకు దండం పెట్టి, “కా... కా...” అని కాకుల్ని పిలుస్తున్నారు! వడలు అప్పటికే ఎగిరిపోయాయి.

“అయ్యో, అదేందయ్యా!”

“రెండాకులు పెట్టినావు గదే, పోయిన మా అమ్మకీ నాయనకీ అనుకున్నా.”

“మనిద్దరికీ పెట్టినాను!” నాకు ఏడుపే తక్కువ.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా కుర్చీ లాగి, “కాకులు ముట్టినాయంటే పెద్దోళ్లు ఒప్పుకున్నట్టేలే. రా, పక్కన కూర్చో” అన్నారు.

మిగిలిన చిత్రాన్నమే ఇద్దరం తిన్నాం. కోరిక ఉంటే ముందే నోరు తెరిచి చెప్పాలని నాకు అప్పుడు తెలిసింది. మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి, మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ పొంగుతుండాలి.