సిగ్నలైతే ఎల్లు

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో గౌరి నోటికి ఎదురు లేదనేవారు. కూరలమ్మే దాదాతో బెంగాలీలో, ఇస్త్రీ అబ్బాయితో హిందీలో, మొగుడు కొండలరావుతో సిక్కోలు తెలుగులో, ఏ భాషలోనైనా ఆవిడదే పైచేయి. అలాంటి మనిషి ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది, పెడితే తింటుంది. అంతే.

ఆ నోటితోనే అప్పట్లో కూతురి మీద నెగ్గింది. ప్రవల్లిక ఆర్మీలో ఆఫీసరు శిక్షణలో ఉంది. ఏ విభాగం కావాలో చెప్పమన్నారు. ఆడపిల్లల్ని ఫిరంగి దళంలోకి అప్పుడప్పుడే తీసుకుంటున్నారు. "నానూ, నాతో ట్రైనింగులో ఉన్న ఏంజెలా గన్నులే అడుగుతామమ్మా!" అని పిల్ల ఫోన్లో గంతులేసింది. గౌరి అన్నం మానేసింది.

"గన్నులేటే, ఆడకూతురివి! ఇంకేటున్నాయో సెప్పు."

పిల్ల విసుగ్గా పేర్లు చదువుతుంటే ఒకచోట గౌరి ఆపేసింది. సిగ్నల్స్!

సిగ్నలంటే గౌరికి తెలీకపోవడమా! కొండలరావు రిటైరయ్యేదాకా రైల్వే సిగ్నల్ క్యాబిన్లో లివర్లు లాగినవాడే. మేడ మీద గది, చుట్టూ కిటికీలు. కింద బళ్ళు వాటి దారిన అవి పోతుంటాయి. ఒక్కనాడూ ఒంటి మీద గీత పడకుండా ఇంటికొచ్చేవాడు.

"సిగ్నలైతే ఎల్లు. మీ నాన్నలాగ నీడపట్టున కూసుంటావు."

పిల్ల ఏడ్చింది, అరిచింది, చివరికి సరేనంది. ఆ సాయంత్రం గౌరి వీధంతా సందేశ్ మిఠాయి పంచింది.

కిందటేడు సరిహద్దు మీద గుండ్లు పడిన రోజుల్లో ప్రవల్లికకి ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఫోనొచ్చేసరికి గౌరి పప్పు తాలింపు వేస్తోంది. విని, తాలింపు పూర్తిచేసి, స్టౌ కట్టేసి, చేతులు కడుక్కుని, అప్పుడు కూర్చుంది. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పన్ను పీకడానికి మందు వేస్తే చిగురు ఎలా మొద్దుబారుతుందో, లోపలంతా అలా అయిపోయింది ఆవిడకి.

ఈమధ్య ప్రవల్లిక కొత్త కాలితో సెలవు మీద వచ్చింది. చూసిపోదామని అనంతరామయ్య మాస్టారు వచ్చారు. రైల్వే బడిలో సగం కాలనీకి చదువు చెప్పిన మనిషి, పెద్దమనిషే, కానీ మాట మొదలెట్టారంటే ఇంక ఆపరు. ఆడవాళ్ళని యుద్ధంలో ముందువరసకి పంపొచ్చా అని టీవీలో చర్చ విని మరీ వచ్చారు.

"పంపకూడదమ్మా! నీ సంగతే చూడు. నీది యుద్ధం ఉద్యోగం కాదు, ఉత్త సిగ్నల్సే. అందుకే కాలితో పోయింది. ఆ గన్నుల్లో చేరుంటే ఏమైపోయేదానివి?"

నిజమేనన్నట్టు కొండలరావు తలూపాడు. గౌరి టీ పట్టుకొచ్చింది.

ప్రవల్లిక నవ్వేసింది. "మాస్టారూ, గన్నులు ఎక్కడో వెనకుంటాయండి. ముందున్న పోస్టుకి ఫోను తీగ తెగిపోతే, వెళ్ళి అతికేది మేమే. ఆ రోజు అందుకే వెళ్ళినాను."

గౌరి గ్లాసు మాస్టారి చేతికిచ్చింది.

"ఎంత ఎనక?"

"ఏటమ్మా?"

"గన్నులు."

పిల్ల ఆలోచించకుండా అనేసింది. "ఇక్కడికీ హిజ్లీకీ ఉన్నంత. ఇంకా ఎక్కువే."

హిజ్లీ. టోటో అనే బ్యాటరీ రిక్షాలో వెళ్తే నడుం పట్టేసేంత దూరం.

"మరి గన్నుల్లోకెల్లిన ఏంజెలా?"

"దానికేటమ్మా, బాగుంది. మొన్న పరుగుపందెంలో కప్పు కొట్టింది."

అన్నాక గానీ ప్రవల్లిక తల్లి మొహం చూడలేదు. కంగారుపడింది. "అమ్మా, అప్పుడు నీకేటి తెలుసు! నువ్వేటి సేస్తావు!"

గౌరి తలూపింది. "సల్లారిపోతాది, తాగండి మాస్టారూ" అంది. కూతురి పక్కన కూర్చుని ఆ కొత్త కాలి మీద చెయ్యేసింది. కాలికీ తెలీలేదు, చేతికీ తెలీలేదు.