ఫిలింనగర్‌లో నేపుల్స్ వీధి

నేపుల్స్ నేను చూడలేదు. నేను అసిస్టెంట్‌గా పనిచేస్తున్న ఆర్ట్ డైరెక్టర్ గారూ చూడలేదు. అయినా ఫిలింనగర్ వెనక రాళ్ల మధ్య ఆ ఊరి వీధి ఒకటి మేమే కట్టాం. ఒక్క పాట కోసం యూనిట్ మొత్తాన్నీ ఇటలీ తీసుకెళ్లే స్తోమత నిర్మాతకి లేదు, లేదని ఒప్పుకునే ఉద్దేశమూ లేదు.

జూబ్లీహిల్స్‌లో అప్పుడు సాఫ్ట్‌వేర్ డబ్బు పొంగుతోంది. చుట్టూ జనం బండలు పేల్చి తళతళలాడే ఇళ్లు కట్టుకుంటుంటే, మేం కొత్త ప్లైవుడ్ గోడలకి పెచ్చులూడినట్టు రంగులేసి, నాచు పట్టించి, వందల ఏళ్లు పాతబడేలా చేస్తున్నాం. బాల్కనీ నుంచి బాల్కనీకి తాళ్లు కట్టి బట్టలారేశాం. వీధి సందడిగా ఉండాలని కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులకి టోపీలు పెట్టి, రబ్బరు చేపల బుట్టలిచ్చాం. కేకలు మాత్రం తెలుగులోనే. రేవు కనిపించాలి కాబట్టి చివరి గోడ వెనక రెండు తెరచాప కర్రలు పాతాం. ఓడ ఏదంటే ప్రేక్షకుడే ఊహించుకోవాలి.

నాన్నది బ్యాంకు ఉద్యోగం. శ్రీనగర్ కాలనీలో మా పై వాటా, కింది వాటా పిల్లలంతా మెడలో కంపెనీ కార్డులు వేసుకుని తిరుగుతుంటే ఆయనకి అన్నం సహించేది కాదు. "ఎండలో నిలబడి ఆ అట్టగోడలకి రంగులేంటే? ఈ సెట్టే ఆఖరు. దీంతో పేరొచ్చిందా, సరే. లేదంటే అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరు," అన్నాడు. కంప్యూటరంటే నాకు ఒళ్లు మంట. ఆ వీధి బావుండకపోతే నా పని అయిపోయినట్టే.

అందుకే సెట్ మేస్త్రికి చెప్పిందే చెప్పాను, నిజంగా మనుషులున్న ఇళ్లలా ఉండాలని. షేక్‌పేటాయన, మాట జవదాటడు. షూటింగ్ రోజు పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, ఇటలీలో ప్రతి గుమ్మానికీ నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ వేలాడుతున్నాయి!

"ఇదేంటి మేస్త్రీ?"

"ఇండ్లన్నంక దిష్టి తగల్దా మేడం? కొబ్బరికాయ గొట్టి, పూజ చేసి మరీ కట్టిన. మీరు ఫికర్ చెయ్యకుర్రి."

డైరెక్టర్ వచ్చి చూసి అంతెత్తున లేచాడు. "పీకెయ్యండి!" వెంటనే నిర్మాత పరిగెత్తుకొచ్చాడు. "పూజ చేసి కట్టినవి పీకుతారా? సినిమా పోతుంది, దాంతో నేనూ పోతాను. ఎవడైనా ముట్టుకున్నాడో!" మా పరిశ్రమలో దేవుడి తర్వాత సెంటిమెంటు, ఒక్కోసారి దేవుడికంటే ముందే. ఆర్ట్ డైరెక్టర్ గారు టీ తాగే నెపంతో మాయమయ్యారు. ఇక ఇద్దరూ నా మీద పడ్డారు.

"నేపుల్స్‌లో కూడా కడతారు సార్," అన్నాను. నా నోటికి అంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో! "ఓడలెక్కేవాళ్లు కదా, దిష్టి భయం ఎక్కువ. కాకపోతే అక్కడ మిరపకాయ ఎర్రగా ఉంటుంది."

అక్కడున్నవాళ్లలో ఇటలీ మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. డైరెక్టర్ గడ్డం గోక్కున్నాడు. మేస్త్రి ఒక్క కాయ కూడా తియ్యకుండా అన్నిటికీ ఎర్ర రంగు కొట్టాడు. షాట్ ఓకే అయింది. ఆ ఊళ్లో నిజంగానే దిష్టికి మిరపకాయలాంటి ఎర్రకొమ్ము వేలాడదీస్తారని చాలా ఏళ్లకి తెలిసి, నా అబద్ధానికి నేనే దణ్ణం పెట్టుకున్నాను.

సినిమా వారం తిరక్కుండా పోయింది. పాట మాత్రం టీవీలో మోగుతూనే ఉంది. అది చూసి హైటెక్ సిటీలో ఒక కంపెనీవాళ్లు కబురంపారు. వాళ్ల క్యాంటీన్‌లో అచ్చం ఆ వీధే కావాలట, మిరపకాయలతో సహా. పని జరిగినన్నాళ్లూ మెడలో వేసుకోమని గేటు దగ్గర ఒక పాసిచ్చారు.

దాంతోనే ఇంటికొచ్చాను. నాన్న ఆ పాసు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం వెలిగిపోయింది. మెట్ల మీదనుంచే కింది వాటావాళ్లకి కేకేశాడు, "మా అమ్మాయికి సాఫ్ట్‌వేర్‌లో వచ్చిందండీ!"

నాకు ఒళ్లు మండిపోయింది. టీవీలో ఆ పాట వస్తున్నప్పుడు ఇంటికెవరైనా వస్తే, ఛానెల్ మార్చింది ఈ మనిషే. అది మా అమ్మాయి కట్టిన వీధి అని ఒక్కసారి, ఒక్కరితో అని ఉంటే చాలు నాకు.