ఆ అలారం ఆపింది నేనే

ఇరవై ఏళ్ళు దాటింది. ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను, కాలేదు. ఏటా ఎండలు ముదిరేసరికి గుండెలో మళ్ళీ రాయి పెట్టినట్టుంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రాయపూర్ రాజధాని అయిన కొత్తలో, శంకర్ నగర్‌లో ఇనుప షెడ్లకు డ్రాయింగులు గీసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. కంప్యూటర్ల బాధ్యత నాది. లక్ష్మక్క అక్కడ చేత్తో డ్రాయింగుల నకళ్ళు తీసేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం వాళ్ళది. భర్త పోయాక, నలభై దాటాక, కంప్యూటర్ మీద గీయడం నా దగ్గరే నేర్చుకుంది. మొదటి వారం చెమటకు మౌసు చేతిలోంచి జారిపోయేది. ఆరు నెలలకు నాకంటే శుభ్రంగా గీసింది. చేతి నకళ్ళకు రోజులు చెల్లిపోతున్నాయి, కంప్యూటర్ మీద నిలదొక్కుకుంటేనే ఆమెకు ఉద్యోగం. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

డ్రాయింగులన్నీ దాచే పెద్ద కంప్యూటర్ ఒకటుండేది. ఎండలకు అది వేడెక్కుతోందని నేనే దాంట్లో ఒక ప్రోగ్రాం పెట్టాను. లోపల వేడి ఎంతుందో, ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో తెర మీద అంకెల్లో చూపించేది. వేడి డెబ్బై డిగ్రీలు దాటినా, ఫ్యాన్ నెమ్మదించినా కూత పెట్టేది. యజమానికి చూపించి భేష్ అనిపించుకున్నాను కూడా.

మే నెలలో ఒక ఉదయం అది కూయడం మొదలుపెట్టింది. ఫ్యాన్ వేగం దగ్గర సున్నా. ఆ అంకెలు ఒక్కోసారి తప్పు చూపిస్తాయి, నిజమే. కానీ ఆ రోజు తప్పే చూపిస్తోందని నేనెలా తేల్చుకున్నాను? తేల్చుకోలేదు. మధ్యాహ్నం భిలాయిలో మా బావమరిది నిశ్చితార్థం. రైలు అందుకోవాలి. కంప్యూటర్ పెట్టె విప్పి చూస్తే అరపూట పోతుంది.

“తమ్ముడూ, ఏటిది పొద్దుట్నుంచీ కూస్తంది? పంఖా బంద్ అయిపోనాదేటో. ఒకపాలి ఇప్పి సూడరాదా?” అంది లక్ష్మక్క.

“ఏం లేదక్కా. మీటర్ గలత్ చూపిస్తోంది. నువ్వు నీ పని చేసుకో.”

“ముట్టుకుంటే సురుక్కుమంటంది.”

“చెప్పాను కదా, ఏం కాదని.”

ఫ్యాన్ అలారం తీసేశాను. వేడి హద్దును తొంభై అయిదుకు పెంచాను. కూత ఆగింది. నేను రైలెక్కాను.

నేను వెళ్ళాక ఆమెకు మనసొప్పలేదు. గదిలో ఉన్న కూలర్‌ను ఆ పెట్టె వైపు తిప్పింది. ఈ ఊళ్ళో ఎండాకాలం మనిషి సొమ్మసిల్లినా, వస్తువు వేడెక్కినా అందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే. మర్నాడు నేను వెళ్ళేసరికి కంప్యూటర్ మాడిపోయి ఉంది. డిస్కు కూడా పోయింది. మూడు నెలల డ్రాయింగులు, వాటితో పాటు అలారం ఎవరు ఆపారో చెప్పే చిట్టా కూడా. కూలర్ ఇంకా అటే తిరిగి ఉంది. పెట్టె మీద నీటి చుక్కలు. వాటిని చూడగానే నాకు కలిగింది భయం కాదు, ఊరట. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎవరూ రాకముందే పెట్టె విప్పాను. ఫ్యాన్ దుమ్ముతో బిగుసుకుపోయి ఉంది. బ్రష్షుతో దులిపి, ఆ దుమ్మును కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాను. అరపూట పడుతుందనుకున్న పని పది నిమిషాల్లో అయిపోయింది.

యజమాని అడిగితే కూలర్ తడి తగిలిందన్నాను. లక్ష్మక్క పేరు నేనెత్తలేదు. ఎత్తాల్సిన అవసరమేముంది, తిప్పింది ఎవరో గదిలో అందరికీ తెలుసు. పేరు నేను చెప్పలేదుగా అన్న ఆ ఒక్క ముక్కను పట్టుకుని ఎన్నేళ్ళు నన్ను నేను బుజ్జగించుకున్నానో!

ఆమె నావైపు చూసింది. నిన్నటి కూత సంగతి బయటపెడుతుందనుకున్నాను. పెట్టలేదు. నా మాటే నమ్మింది. నేర్పినవాణ్ణి కదా, నాకు తెలియదా అనుకుంది. నెలాఖరుకు ఆమెను పని మానిపించారు. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, నీకు కూడా మాట తెచ్చిపెట్టానని ఏడ్చింది. నేను ఓదార్చాను. పరవాలేదక్కా అన్నాను. క్షమించేవాడిలా నిలబడ్డాను చూడండి, అలారం ఆపినదానికంటే అదే పెద్ద పాపం.

ఇప్పుడామె తెలీబంధా దగ్గర కూతురింట్లో ఉంటోంది. చీరలకు ఫాల్స్ కుడుతుంది, చేత్తోనే. మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట. చెబుదామని రెండుసార్లు వెళ్ళాను. టీ తాగి వచ్చేశాను. ఇన్నాళ్ళకు చెబితే ఆమెకు మేలా, నాకు మేలా అని దారంతా తర్కించుకుంటాను. నిజానికది తర్కం కాదు, పిరికితనం. రెండోసారి వెళ్ళినప్పుడు ఆమె ఫోను మోగింది. మనవరాలి చేతికిచ్చి ఎత్తమంది. తన చెయ్యి మిషన్లకు అచ్చిరాదని, తాకితే పాడైపోతాయని నాకే చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె చెయ్యి మంచిది. ఆ రోజు ఆ కంప్యూటర్‌ను కాపాడాలని చూసింది ఆమె ఒక్కతే. దాన్ని కాల్చింది నేను. ఆమె పని పోగొట్టింది నేను. రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది నాకు. ఆమెకు మాత్రం ఇవాళ్టికీ తెలియదు.