బోధకుడుగారి బెండు టోపీ

పలాస పక్కన కాశీబుగ్గలో నాకు చిన్న కుట్టుషాపు ఉంది. జాకెట్లు, లంగాలు, స్కూలు పిల్లల యూనిఫారాలు కుడతాను. ఆ షాపులో ఒక గోడ నిండా పాత టోపీలు వేలాడుతుంటాయి. జాకెట్టు కొలతలివ్వడానికి చేతులు పైకెత్తి నిలబడ్డ ఆడవాళ్ళు ఆ గోడవైపు చూసి, "ఇయ్యన్నీ ఎవులు కొంటారమ్మా?" అని అడుగుతారు. కొంటారు. ఫోన్లో వేలం పాటలు జరిగే చోటొకటుంది. అక్కడ నేనెన్నడూ చూడని ఊళ్ళవాళ్ళు పోటీపడి మరీ కొంటారు. నేనూ అక్కడే కొంటాను. అమ్మిన వాటికంటే కొన్నవే ఎక్కువని మా ఆయన గొణుగుడు. "ఊరందరికీ టోపీలు పెట్టే ఆడదాన్ని నేనే ఇంట్లో పెట్టుకున్నాను" అని వచ్చినవాళ్ళందరితో అంటాడు. మొదట్లో ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు అలవాటైపోయింది.

ఇదంతా ఒక స్కూలు వార్షికోత్సవంతో మొదలైంది. నాటకంలో దొర వేషానికి టోపీ కావాలన్నారు. ఫోన్లో వెతికితే బూడిదరంగు ఉన్నిటోపీ ఒకటి కనిపించింది. కింద ఉన్నది ధర అనుకొని నొక్కాను. అది పాట అని, నేను పాడేశానని, పాట నా పేరునే ఆగిపోయిందని తర్వాత తెలిసింది. ఆ టోపీ వచ్చేసరికి నాటకం అయిపోయింది. కోపంతో దాన్ని తిరగేసి లోపలి పట్టుగుడ్డ చూశాను. చేతికుట్టు. వెంట్రుకంత దూరంలో మరో కుట్టు, ఒక్కటీ వంకర పోలేదు. తోలుపట్టీ మీద పాత చెమట మరక ఎడమవైపు ఎక్కువగా ఉంది. ఆ టోపీ పెట్టుకున్నాయన తల కొంచెం ఎడమకి వాల్చి నడిచేవాడన్నమాట. నేను ముప్పై ఏళ్ళుగా ఒళ్ళు కొలిచి కుడుతున్నాను గానీ, ఒక మనిషి నడక గుడ్డలో మిగిలిపోవడం అప్పుడే చూశాను. ఆ రోజు నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

మందస వైపు పాత ఇళ్ళ అటకల మీద, రైల్వేలో చేసి దిగిపోయినవాళ్ళ పెట్టెల్లో, బతుకుతెరువుకి బర్మాలో రంగం వెళ్ళొచ్చిన తాతల సామాన్లలో ఎన్ని టోపీలున్నాయో అడగడం మొదలుపెట్టాకే తెలిసింది.

మా పుట్టిల్లు ఉద్దానంలో, సముద్రం ఒడ్డున. అక్కడ చిన్నప్పటి నుంచీ నేను చూసిన పాట చేపల పాట. పడవ రాగానే గంపల చుట్టూ ఆడవాళ్ళు మూగేవారు. ఎవరు పాడుతున్నారో, ఎందుకు పాడుతున్నారో అందరికీ తెలుసు. ఫలానా ఆమె వంజరం కోసం తెగించి పాడిందంటే ఇంటికి అల్లుడొచ్చాడని అర్థం. అది తెలిసి పక్కామె నోరు మూసుకునేది కూడా. ఫోన్లో పాటకి ఆ మర్యాద లేదు. పాడేవాడి మొహం కనపడదు, వాడింట్లో ఏం జరుగుతోందో తెలీదు. అమ్మిన వస్తువు ఎవరి చేతిలో పడుతుందో మనకి అనవసరం అన్నట్టుంటుంది. నాకు ఆ సంగతి మొదటి నుంచీ గొంతుకు అడ్డం పడేది.

ఒకరోజు నందిగాం దగ్గర పల్లె నుంచి ఒక ముసలావిడ గోనెసంచి పట్టుకుని షాపుకొచ్చింది. బాప్టిస్టు సంఘం మనిషి. ఆవిడ భర్త బోధకుడిగా చేసి పోయారని, టెక్కలి చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిలు మీద తిరిగేవారని మాటల్లో తెలిసింది. సంచిలోంచి ఒక సోలా టోపీ తీసింది. జీలుగు బెండుతో చేసి పైన ఖాకీ గుడ్డ వేసిన పాతకాలపు దొరటోపీ. దాని నిండా కోడి ఈకలు.

"కోడి పొదిగిందమ్మీ ఇందులో," అంది. "మా కోడలు మంచిదే గానీ దానికి ఇది టోపీ అని ఎక్కనేదు. గుడ్లు పెట్టడానికి బాగుందని గంపలో ఎట్టింది. పదకొండు పిల్లలు సేసింది కోడి."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆవిడ నవ్వలేదు. ఆ టోపీ మలుపులో కనపడగానే పిల్లలు ఎదురు పరిగెత్తేవారట. నలభై ఏళ్ళు అది ఆయన తల మీద తిరిగిన ఊళ్ళు అన్నీ ఇన్నీ కావట. తను పోయాక పెంట మీద పారేస్తారని ఆవిడ భయం.

"నువ్వు అమ్మిపెట్టు. డబ్బులకి కాదు. ఒకటే మాట. ఏసుకునీవోడికే ఇయ్యాల. గోడకి తగిలించీవోడికి ఒద్దు."

పాటలో అలాంటి షరతు కుదరదని చెప్పాలి నిజానికి. ఎక్కువ పాడినవాడిదే వస్తువు. కానీ ఆవిడ మొహం చూస్తే నోరు రాలేదు. అలాగే మామ్మా అనేశాను.

ఈకలు దులిపి, ఆవిరి పట్టి, చిరిగిన అంచు కుట్టాను. ఫొటోలు తీసి పాటకి పెట్టాను. 'ఒక బోధకుడుగారి టోపీ. ఇది పెట్టుకునేవాళ్ళ కోసం' అని కింద రాశాను. పాట వారం రోజులు. మూడో రోజున బల్ల మీద సన్నటి పిండి రాలి కనిపించింది. బెండులో పురుగు. కొనేవాడికి చేరేసరికి టోపీ పొడైపోతుందేమోనని భయపడ్డాను. వెంటనే మా ఊళ్ళో ఎవరైనా చేసే పనే చేశాను. మా ఆయన జీడి ఫ్యాక్టరీలో గుమస్తా. ఇంట్లో ఎప్పుడూ ఒక సీసాడు జీడి నూనె ఉంటుంది. జీడిపిక్క తొక్క నుంచి తీసే ఆ నల్ల నూనె మా వైపు గుమ్మాలకి రాస్తారు, మంచం కోళ్ళకి రాస్తారు, పడవ అడుగులకి రాస్తారు. దాని దగ్గరికి చెదపురుగు కూడా రాదు. కోడి ఈకతోనే తోలుపట్టీ వెనకా, లోపలి అంచు చుట్టూ పలచగా పూశాను. రెండు రోజులు ఎండలో పెట్టాను. అంటుకోవడం లేదని వేలితో చూసి సంతోషించాను.

పచ్చి జీడి నూనె ఒంటికి తగిలితే పొక్కిపోతుందని పలాసలో ఉగ్గుపాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నాకు తెలీదని కాదు. ఎంత తెలుసంటే, అది వేరేవాళ్ళకి చెప్పాల్సిన సంగతని కూడా తోచలేదు. మా ఊరి మనిషైతే చేతిలోకి తీసుకుని వాసన చూసి పక్కన పెట్టేవాడు.

ఆఖరి రోజు సాయంత్రం ఇద్దరు మిగిలారు. ఒకాయన హోటలు గోడలు అలంకరించేవాడని అతను కొన్న పాత వస్తువులు చూస్తే తెలిసింది. రెండో ఆయన ఎక్కడో ఉత్తరాన కొండ ఊళ్ళో ఉండే పెద్దమనిషి. రోజూ పొద్దున్నే నడకకి వెళ్తానని, దీన్ని పెట్టుకుంటానని ముందే రాశాడు. నేను కుట్టుమిషను ఆపి ఫోను పట్టుకు కూర్చున్నాను. పాడండి బాబూ, ఇంకొక్కసారి పాడండి అని కొండల ఆయన్ని లోపల్లోపల బతిమాలుకున్నాను. ఆయన పాడాడు. హోటలాయన ఆగిపోయాడు. నాకు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి మా ఆయనకి చెప్పలేదు.

టోపీ అందిన రోజే ఆయన ఫొటో పంపాడు. మంచు పట్టిన రోడ్డు మీద బోధకుడుగారి టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు. నేను దాన్ని పెద్దగా ప్రింటు తీయించి నందిగాం బస్సెక్కాను. మామ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘంలో అందరికీ చూపించిందట.

టోపీ అందిన నాలుగో రోజున ఇంకో ఫొటో వచ్చింది. ఆయన నుదుటి చుట్టూ పట్టీలాగా ఎర్రటి పొక్కులు, కనురెప్పలు వాచిపోయి ఉన్నాయి. మొదట నాకు కోపమే వచ్చింది. ఏ సబ్బు రాసుకున్నాడో, నా టోపీ మీద తోస్తాడా అని చిందులేశాను. మా ఆయన కంచం ముందు కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

"జీడి పూసినావు గదే."

అప్పుడు గానీ నాకు వెలగలేదు. క్షమాపణ రాశాను. వెంటనే డాక్టరుకి చూపించుకోమన్నాను. ఆయన కట్టిన డబ్బు మొత్తం వెనక్కి పంపాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండును. 'బోధకుడుగారికి నేను నచ్చలేదేమో' అని ఒక్క ముక్క రాసి టోపీని తిరిగి పంపించేశాడు.

అప్పుడే వెళ్ళి మామ్మకి చెప్పాల్సింది. వెళ్ళలేదు. టోపీని పాత చీరలో చుట్టి షాపు అలమర పైన పెట్టేశాను. ప్రతి ఆదివారం మామ్మ మనవరాలి ఫోను నుంచి చేసేది. ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"ఏసుకుంటన్నాడా?"

"ఏసుకుంటన్నాడు మామ్మా."

మొదటిసారి ఆ మాట అనడానికి కుట్టు ఆపి సూది పక్కన పెట్టాల్సి వచ్చింది. తర్వాత తర్వాత జాకెట్టుకి హుక్కు కుడుతూనే అనేసేదాన్ని. అబద్ధం అంత సులువుగా చేతికి అలవాటైపోతుందని నాకు తెలీదు. అలా ఐదు నెలలు గడిచిపోయాయి.

ఒక మధ్యాహ్నం ఆవిడే షాపుకొచ్చింది. చేతిలో కొత్త తువ్వాలు, అంచు మడత కూడా విప్పలేదు.

"ఇది ఆ బాబుకి పంపు అమ్మీ. మొన్న గేపకమొచ్చింది. మీ తాత ఉత్త తల మీద ఎప్పుడూ ఎట్టుకోలేదు. తువ్వాలు సుట్టి, దాని మీద టోపీ ఎట్టీవోడు. సెవట పట్టదు, ఒరుసుకోదు. నీకు సెప్పడం మరిసిపోయినాను."

ఆ తువ్వాలు చేతికి తీసుకోలేకపోయాను. నలభై ఏళ్ళు ఆయన దాన్ని ఎలా పెట్టుకున్నాడో అడగాలని నాకెందుకు తోచలేదు? ప్రతి టోపీలో చెమట మరకలు చూసి మనుషుల్ని చదివేస్తానని మురిసిపోయేదాన్ని. ఈ టోపీ తోలుపట్టీ మీద అసలు మరకే లేదు. అది చూసి, జాగ్రత్తపరుడు కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఎదురుగా బతికున్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

స్టూలెక్కి మూట దించి ఆవిడ ముందు విప్పాను. పురుగు దగ్గర నుంచి పొక్కుల దాకా మొత్తం చెప్పాను. ఆవిడ టోపీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"జీడే," అంది. "ఇంతే గదా. నేనైనా పూద్దును. దానికేటి?"

నేను ఊపిరి తీసుకునేలోగా ఆవిడ గొంతు మారిపోయింది.

"ఐదు నెల్లు ఆ బాబు సల్లగా తిరుగుతున్నాడని దేవుడికి వందనాలు సెప్పినాను. ఆడికి మొకం వాసి మంచాన పడితే, నాసేత వందనాలు సెప్పించినావు. పొక్కులు మానాలని ఒక్కనాడైనా అడుగుదును గదా. నా పార్థనంతా పాడు సేసీసినావు."

ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడే ఓదార్చాల్సి వస్తుందని బలవంతంగా ఆపుకున్నాను. తప్పయిపోయింది మామ్మా అన్నాను. ఆవిడ ఆ మాట విన్నట్టు లేదు.

"ఆ బాబు పేరేటి?" అని అడిగింది. చెప్పాను. రెండుసార్లు తనలో తను అనుకుంది. ఇన్నాళ్ళూ పేరు లేకుండానే ప్రార్థించిందని అప్పుడు అర్థమైంది.

తర్వాత కొత్త తువ్వాలు మడత విప్పి తలకి చుట్టుకుంది. అద్దం అడగలేదు. టోపీ తీసి దాని మీద పెట్టుకుంది. కొంచెం పెద్దదయింది. రెండు చేతులతో సర్దుకుంది.

"మామ్మా, నూనె ఇంకా..." అన్నాను.

"జీడిపిక్కలు కొట్టి బతికిన ఒళ్ళు ఇది. దీన్నేటి సేత్తాది?"

చీరకట్టు మీద ఖాకీ టోపీతో సందు దాటి ఆటోల దగ్గరికి నడిచింది. అరటిపళ్ళ బండి అతను బేరం ఆపి చూశాడు. ఇద్దరు ఆడపిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. నేను వెనకే వెళ్ళాను, ఏమైనా అంటుందేమోనని. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆటో ఎక్కడానికి ఆవిడ బాగా వంగాల్సి వచ్చింది. టోపీ మాత్రం తియ్యలేదు.