ఆడ కండక్టరు

మా చిన్నమ్మ కూతురు రాబోయే కాలాన్ని ముందే చూసిందని మా బంధువులంతా చెప్పుకుంటారు. పెళ్ళి భోజనాల దగ్గర చెప్పుకుంటారు. ఆమె పనిచేసే కుప్పం హైస్కూలు వాళ్ళు వార్షికోత్సవంలో మైకు పెట్టి మరీ చెప్పుకుంటారు. ఆడపిల్ల కాలేజీకి పోవడాన్నే వింతగా చూసే రోజుల్లో మదనపల్లెలో వేదిక ఎక్కి, ఆడ డాక్టర్లు, ఆడ కండక్టర్లు, ఆడ బ్యాంకు మేనేజర్లు వస్తారని ధైర్యంగా చెప్పిందట. ఇందులో వేదిక ఎక్కడం వరకే నిజం. మిగతాది నేను ఒప్పుకోను. ఆ రోజు ఆమె తర్వాత మాట్లాడింది నేనే. ఆమె మాటల్ని నాకన్నా జాగ్రత్తగా విన్నవాళ్ళు ఆ హాలులో ఇంకొకరు లేరు.

పంతొమ్మిది వందల డెబ్భై దాటిన కొత్త. మేమిద్దరం మదనపల్లెలో ఒకే గదిలో ఉండి డిగ్రీ చదివేవాళ్ళం. నాది పుంగనూరు. ఆమెది పుంగనూరు దాటాక బస్సు దిగి శెనక్కాయ చేల గట్ల మీద నడిచి చేరుకోవాల్సిన మెట్ట పల్లె. నాకన్నా కొన్ని నెలలే చిన్న, అయినా అక్కా అనే పిలిచేది. కాలేజీలో వక్తృత్వపు పోటీ పెట్టారు. విషయం "రెండు వేల సంవత్సరం నాటికి మన సమాజం". న్యాయనిర్ణేత కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన తెలుగు లెక్చరరు. ఆయనకు మా మాట ఇంకా అలవాటు కాలేదు. మేం అక్కడ అనం, ఆడ అంటాం. ఎక్కడ అనం, యాడ అంటాం. అందుకే ముందురోజు సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి నేనే తయారుచేశాను.

"స్టేజీ మీద ఆడ, ఈడ అనబాకు. అక్కడ, ఇక్కడ అను. ఆ సారు నవ్వుతాడు."

"సరే అక్కా. మరి 'యాల' అనేదానికి ఏమనాల?"

"ఎందుకు."

"అవసరమొస్తే అనొద్దా?"

"ఎందుకు అనే మాటే అనాల, మొద్దూ."

తల ఊపింది. నిజంగా అర్థం కాక అడిగిందో, నన్ను ఆటపట్టించడానికి అడిగిందో ఆ సాయంత్రం నాకు తెలియలేదు. ఆమెతో నా ఇబ్బంది ఎప్పుడూ అదే.

మర్నాడు ముందు ఆమెను పిలిచారు. మొదట్లో నేను నేర్పినట్టే అక్కడ, ఇక్కడ అంటూ బుద్ధిగా మాట్లాడింది. ఊరి సంగతికి వచ్చేసరికి గొంతు మారింది. తమ ఊరికి రోడ్డు లేదని, జబ్బు చేస్తే మనిషిని మంచం మీద వేసుకుని మోసుకురావాల్సిందేనని చెప్పింది. ఆ ఊపులో నేను నేర్పినదంతా గాలికి పోయింది.

"ఇంకో ముప్పై ఏండ్లకు మా ఊరొచ్చి చూడండి. ఆడ డాక్టరొస్తారు. ఆడ కండక్టరొస్తారు. ఆడ బ్యాంకు మేనేజరొస్తారు. మా ఊరు ఎదురుసూస్తా కాసుకోనుండాది."

మా ప్రాంతం పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు ఆమె ఏ ఊరి సంగతి చెబుతోందో తెలుసు. తమ ఊరి సంగతీ అదే. లెక్చరరు మాత్రం కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని, నోరు కొంచెం తెరిచి ఆమె వైపే చూస్తున్నాడు.

తర్వాత నేను లేచాను. కూతుళ్ళకు పొలంలో వాటా వస్తుందన్నాను. ఆఫీసుల్లో పెద్ద కుర్చీల్లో ఆడవాళ్ళు కూర్చుంటారన్నాను. మగవాళ్ళు పొయ్యి ముట్టించి అన్నం వార్చే రోజు వస్తుందని, ఆ రోజు అన్నంలో రాళ్ళొచ్చినా మనం మెచ్చుకుంటూ తినాల్సి వస్తుందని కూడా అన్నాను. వెనక వరసల్లోని మగపిల్లలు ఈలలు వేశారు. ప్రతి మాటా నేను ఆలోచించి, కారణాలు చూపించి చెప్పిందే.

ఫలితం చెబుతూ లెక్చరరు చాలాసేపు మాట్లాడాడు. "ఆడ డాక్టరు, ఆడ కండక్టరు, ఆడ బ్యాంకు మేనేజరు! ఎంత క్లుప్తత, ఎంత దూరదృష్టి! మొదటి అమ్మాయి మూడు మాటల్లో చెప్పినదాన్నే రెండో అమ్మాయి ఉపన్యాసంగా సాగదీసింది. వాదన బాగానే ఉంది గానీ కారం ఎక్కువైంది."

అంటే ఆమె చెప్పని మాటను నేను కాపీ కొట్టానన్నమాట. మొదటి బహుమతి ఆమెకు, రెండోది నాకు.

హాలులో ఉన్నవాళ్ళు ఒక్క క్షణం తికమకపడ్డారు. కొందరు నవ్వారు. లేచి "సార్, ఆడ అంటే అక్కడ" అని చెప్పినవాళ్ళు మాత్రం లేరు. నేనూ చెప్పలేదు. చెబితే ఓర్వలేక చెప్పిందంటారు. ఓర్వలేకపోయిన మాట నిజమే, అయినా చెప్పే మాటా నిజమే కదా. వారం తిరిగేసరికి చప్పట్లు కొట్టిన పిల్లలే ఆమె ఆడవాళ్ళ గురించి మాట్లాడిందని చెప్పుకోవడం మొదలుపెట్టారు. తాము విన్నదాన్ని వదిలేసి సారు విన్నదాన్ని పట్టుకున్నారు.

ఇందులో వ్యాకరణం కూడా ఆమె వైపే ఉంది. "డాక్టరొస్తాడు" అని ఉంటే కృష్ణా జిల్లా చెవికి కూడా అసలు సంగతి తెలిసిపోయేది. వేదిక కదా అని మర్యాదకు "వస్తారు" అంది. ఆ మర్యాద నేను నేర్పిందే.

పోనీ, ఆడవాళ్ళ గురించే అన్నదనుకుందాం. ఆడ డాక్టరు వస్తుందని చెప్పడం జోస్యమా? మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో మా అమ్మమ్మ కాలం నుంచీ ఆడ డాక్టర్లు ఉన్నారు. నేను పుట్టిందే ఒక డాక్టరమ్మ చేతుల్లో. ఉన్నదాన్ని వస్తుందని చెబితే దూరదృష్టి ఎలా అవుతుంది? ఈ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో. ఎవరికీ పట్టదు.

ఆ బహుమతి ఆమె బతుకునే మార్చింది. డిగ్రీ కాగానే పెళ్ళి చేయాలని చిన్నాయన సంబంధం చూసిపెట్టుకుని ఉన్నాడు. లెక్చరరు అంతటి మనిషి ఇంటికి కబురు పంపి మెచ్చుకునేసరికి ఆయన ఛాతీ ఉబ్బింది. "సదువుకోనీలే, మా పాప మాటలు వాళ్ళకే నచ్చినాయంట" అని ఊరంతా చెప్పి బి.ఇడి.కి పంపాడు. ఆ తర్వాత కుప్పంలో ఉద్యోగం. మా నాయనకూ కబురు అందింది, వేరే విధంగా. "స్టేజీ ఎక్కి మొగోళ్ళను తిట్టినావంట గదమ్మా" అన్నాడు. ఆ వేసవిలోనే నా పెళ్ళయింది.

మా ఆయనది పుంగనూరులో ఎరువుల అంగడి. ఆయన సరుకుకు మదనపల్లె పోయిన రోజుల్లో కుర్చీలో నేనే కూర్చుంటాను. ఏ పైరుకు ఏ మందో ఆయనకన్నా నాకే బాగా తెలుసు. అయినా వచ్చిన రైతు నా తల మీదుగా లోపలికి చూసి కేక వేస్తాడు.

"ఆడ మనిసెవురూ లేరా?"

"ఆడమనిషినే ఉండాను, సెప్పప్పా."

"అది కాదమ్మా, ఆడ, లోపల, మనిసి అని."

చూశారా, ఆడ అంటే అక్కడ అని రైతుకు తెలుసు. ఆమె ఆడ అంటే భవిష్యత్తు, నేను ఆడమనిషినై ఎదురుగా కూర్చున్నా అక్కడ మనిషి లేనట్టే.

పోయిన సంవత్సరం మా అమ్మాయికి బడిలో వ్యాసం రాయమన్నారు. "ఇరవై ఒకటో శతాబ్దంలో మన సమాజం". రెండు వేలకు ఇంకా పదేళ్ళు పైనే ఉంది గానీ బళ్ళలో అప్పుడే తొందర మొదలైంది. నేను చెబుతాను రాసుకోమన్నాను.

"వద్దులేమ్మా, చిన్నమ్మను అడగతా. ఆయమ్మకు ముందే తెలుస్తాది."

ఆ రాత్రి మా ఆయనతో నేను మాట్లాడలేదు. ఆయన తప్పేమీ లేదు, ఎదురుగా ఉన్నాడంతే. ఆదివారం అమ్మాయిని వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కాను.

చెల్లెలు ఒక్కతే ఉండే ఇల్లు, రెండు గదులు. తాళంచెవి ఆమె నడుముకే ఉంటుంది. కిటికీ దగ్గర బల్ల, దాని ముందు ఒకే ఒక కుర్చీ. దాని చేతుల మీద పాలిషు ఆమె మోచేతులు ఆనిన మేరకే పోయింది. కూతుళ్ళు, కుర్చీలు అని ఉపన్యాసమిచ్చింది నేను. కుర్చీ వచ్చింది ఆమెకు. నేను అంగట్లో కూర్చునేది మా ఆయన కుర్చీ. ఆయన రాగానే లేస్తాను.

అన్నం వడ్డిస్తూ వాళ్ళ ఊరి సంగతులు చెప్పింది. రోడ్డు పడింది. రోజుకు రెండు బస్సులు. బ్యాంకు కూడా వచ్చింది.

"మేనేజరు ఎవురో తెలుసా అక్కా? తిరుపతామె. చిన్న వయసే."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఆడ బ్యాంకు మేనేజరు. అక్కడికి వచ్చింది, ఆడమనిషే వచ్చింది. ఏ వైపు నుంచి చూసినా ఆమె మాటే నిజమైంది. దేవుడికి కూడా ఆ లెక్చరరు చెవులే ఉన్నట్టున్నాయి.

"కండక్టరు?" అన్నాను.

"కండక్టరు ఇంకా మొగాయప్పే."

"అయితే సగం తప్పు."

"కానీలేక్కా, రెండు వేలు ఇంకా రాలేదు గదా" అని నవ్వింది.

అమ్మాయి పెన్ను పట్టుకుని అడిగింది. "చిన్నమ్మా, ఇంకో ముప్పై ఏండ్లకు ఎట్లుంటాది?"

"నన్నడిగితే ఏం తెలుస్తాది తల్లీ. మీయమ్మను అడుగు. ఆ పొద్దు మీయమ్మ సెప్పినట్టు ఎవురూ సెప్పలా. పొలంలో వాటాకు సట్టం రానే వచ్చె గదా."

అమ్మాయి నా వైపు కొత్తగా చూసింది. సంతోషించాల్సింది. నాకు ఒళ్ళు మండింది.

"ఈ మాట మైకు ముందర యాల సెప్పవు?"

"అడిగినోళ్ళు ఎవురక్కా? తిను, సల్లారిపోతాది."

"తినేది ఉండనీ. ఆ పొద్దు నువ్వు అనింది ఏ ఆడ?"

"రసం పోసేదా?"

సాయంత్రం బస్టాండు దాకా వచ్చింది. చుట్టూ తమిళం, కన్నడం, మన మాట కలగలిసిన రొద. అమ్మాయికి కిటికీ పక్కన సీటు పట్టించి, అరటిపళ్ళ పొట్లం చేతికిచ్చి కింద నిలబడింది. నాకన్నా పదేళ్ళు చిన్నదిలా కనిపించింది, అది ఇంకో మంట. కండక్టరు విజిల్ ఊదాడు. బస్సు కదులుతుంటే అమ్మాయి మీదుగా వంగి కిటికీలోంచి తల బయట పెట్టాను.

"ఏమే, ఇప్పుడన్నా సెప్పు. ఏ ఆడ?"

చెయ్యి ఊపుతూ గట్టిగా అరిచింది. "ఆడే అక్కా, ఆడే!"

చెప్పానన్నట్టే నవ్వుతూ నిలబడింది. పలమనేరు దాటినా నా చెవుల్లో అదే మాట. అమ్మాయి అరటిపండు ఒలుచుకుంటూ "చిన్నమ్మ సెప్పేసింది గదమ్మా, ఇంకేం?" అంది. సరే, చెప్పింది. ఆడే అంటే, ఏ ఆడ?