రెండు నాటకాలకూ ఒకటే పెట్టె

పోయిన డిసెంబరులో ఒక శనివారం పొద్దున, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, మా పల్లె చర్చి వాట్సాప్ గ్రూపులో గంటన్నర రికార్డింగు ఒకటి వచ్చి పడింది. కింద పాస్టరమ్మ మెసేజి: చర్చి ఇనప్పెట్టెలో పాత క్యాసెట్టు దొరికిందని, మార్కాపురంలో ఇచ్చి ఫోనులోకి ఎక్కించామని, మన నాటకం, వాగవతల పల్లె నాటకం రెండూ అందులో ఉన్నాయని. "ఎవరి సంగీతం బాగుందో, ఎవరి మాటలు బాగున్నాయో పోల్చి ఒక పేజీ రాయండి టీచరమ్మా, క్రిస్మస్ నాడు చదువుదాం" అని చివర్లో రెండు దండాలు కూడా పెట్టింది. ముప్పై ఏళ్లుగా గిద్దలూరు చుట్టుపక్కల బళ్లలో పిల్లల చేత వ్యాసాలు రాయించి, ఎర్రపెన్నుతో చీల్చి చెండాడే మనిషిని నేను. పోల్చి రాయమంటే అంతకన్నా పండగేముంది? పైగా ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాను గనుక, సంగీతం మీద తీర్పు చెప్పే హక్కు నాకు పుట్టుకతో వచ్చిందని నా నమ్మకం. కాగితం, పెన్ను, కీబోర్డు ముందు పెట్టుకుని దర్జాగా కూర్చున్నాను.

మా పల్లెకూ వాగవతల పల్లెకూ నడుమ ఉన్న వాగులో ఏడాదికి పది నెలలు ఇసుక తప్ప ఏమీ పారదు. రెండు పల్లెలకూ కలిపి ఒకటే చర్చి, ఒకటే హార్మోనియం పెట్టె. వైరం మాత్రం నాలుగు పల్లెలకు సరిపడా ఉండేది. క్రిస్మస్‌కు మేము రాజుల నాటకం ఆడేవాళ్లం, వాళ్లు గొర్రెల కాపరుల నాటకం ఆడేవాళ్లు. కరెంటు మీద నమ్మకం లేక, ఆరాధన కాగానే పట్టపగలే, చర్చి ముందు పందిట్లో, ఒకదాని వెనక ఒకటి ఆడేసేవాళ్లు. చూసిన జనం అక్కడే బంతిలో కూర్చుని అన్నం తింటూ పోలికలు మొదలుపెడితే, అవి కందికోతల దాకా నడిచేవి. వాళ్ల వరసలు పాచిపోయాయని మావాళ్లు, మావి ఏడుపు రాగాలని వాళ్లు. తమాషా ఏమిటంటే రెండు నాటకాలకూ వరసలు కట్టిందీ, పెట్టె వాయించిందీ ఒకే మనిషి. మా నాయన. ఆ మాట ఎవరైనా గుర్తు చేస్తే, "వాయించేది ఆయనే గానీ మనకైతే మనసు పెట్టి వాయిస్తాడు" అని రెండు పల్లెలవాళ్లూ అనేవాళ్లు.

నాయన కూలికి పోయి బతికిన మనిషి. పార పట్టి బిరుసెక్కిన వేళ్లు హార్మోనియం మెట్ల మీద పడగానే మెత్తబడిపోయేవి. నాటకం రోజు తెల్లవారినప్పటి నుంచి ఏ పల్లెలోనూ మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. చర్చి కుండలో నీళ్లు చెంబుతో ముంచుకుని పెట్టె పక్కన పెట్టుకునేవాడు. తన ఇంట్లో టీ కూడా వద్దనేవాడు. "కట్టుకున్న పెండ్లాం టీ ఇచ్చినా లంచమేనంట" అని అమ్మ గిన్నెలు చప్పుడు చేసేది. రెండు పల్లెల మధ్య మేక తప్పిపోయినా, గట్టు తగాదా వచ్చినా నాయన మాటే చివరి మాట. నేను దేవుణ్ణి నమ్మింది కూడా కొంతవరకు నాయనను చూసే.

ఇక మాటల సంగతి. మా నాటకానికి పాటలు రాసింది, చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి తాత. ఆయన నిఘంటువు పక్కన పెట్టుకుని రాసేవాడు. "గగనమండల ఘనప్రకాశిత కాంతిపుంజ విరాజితా" అని నేను నక్షత్రం వేషంలో, నెత్తిన సిగరెట్టు పెట్టెల తగరంతో చేసిన కిరీటం పెట్టుకుని పాడుతుంటే, ఒక్కరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదంటే చదువు లేదనుకుంటారని అందరూ తల ఊపేవాళ్లు. అవతలి నాటకానికి పాటలు కట్టింది మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క. ఆమెకు సంతకం కూడా రాదు. మిరపచేలో కలుపు తీస్తూ పాట కడితే, పక్క సాలులో కలుపు తీసే ఆడవాళ్లు దాన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు.

"గొంగడొకటే ఉంది మాకు, కోరి తెచ్చినాము సామీ
మాకు చలి అలవాటేలే, నీకు కొత్త గదా సామీ"

ఇదీ ఆమె పాట. నేను నా కాగితం మీద "సాహిత్యం: వాగవతల పల్లె, పదికి పది" అని రాసి కింద గీత కొట్టాను. చిన్నప్పుడైతే చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ పాట పాడింది పెద్దమ్మ కూతురు, మా అక్క. నాకన్నా ఒక్క ఏడు పెద్దది. ఈ క్యాసెట్టు నాటికి నాకు పదమూడు, తనకు పద్నాలుగు. ఆ ఏడాది నాటకాలు చూడటానికి బయటి ఊరి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. హాస్టలు ఉన్న బడి ఆమెది. పాట బాగా పాడే పిల్లకు ఒక్క సీటు ఇస్తామని, పది దాకా తిండి, చదువు ఉచితమని ముందే కబురు పెట్టింది. ఆ సీటుకు పోటీ పడే పిల్లలు రెండు పల్లెల్లో ఇద్దరమే. సీటు వచ్చిన పిల్లకు చదువు, రాని పిల్లకు కూలి. అంత స్పష్టంగా ఉండేది ఆ రోజుల్లో. అక్క నాకంటే బాగా పాడుతుందని వాగుకు ఈవల కూడా అందరికీ తెలుసు. బయటికి చెప్పేవాళ్లం కాదు, అంతే.

ఆ మధ్యాహ్నం వాళ్ల నాటకం ముందు పడింది. అక్క పల్లవి ఎత్తుకోగానే పందిరి నిశ్శబ్దమైపోయింది. చరణంలో పైకెక్కేచోట మాత్రం గొంతు చిరిగింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ చిరిగింది. మూడోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. మా పల్లె వైపు నుంచి నవ్వులు, ఈలలు. తర్వాత నేను వచ్చి కాంతిపుంజ విరాజితా అని తడబడకుండా పాడేశాను. సీటు నాకు వచ్చింది. అక్క గొంతు పోవడానికి కారణాలు రెండు పల్లెలకూ ఏడాది పొడవునా దొరికాయి. ముందురోజు పెరుగన్నం తిన్నదన్నారు కొందరు. దిష్టి అనే మాట అనగూడదని పాస్టరయ్య చెప్పినా, చాటుగా అదే అనుకున్నారు మిగతావాళ్లు. అక్క మరుసటి ఏడు మార్కాపురంలో రాతి పలకలు కోసే పనికి పోయింది. మళ్లీ పాడలేదు. నేను చదివి టీచరునయ్యాను. సిగ్గులేని సంగతి ఒకటి చెప్పాలి. ఈ కథను నేను వార్షికోత్సవాల్లో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. "రోజూ సాధన చేసినవాళ్లకే ఫలితం" అని దానికి నీతి కూడా తగిలించాను.

ఇప్పుడు క్యాసెట్టు. దాన్ని రికార్డు చేసింది రైల్వేలో పనిచేసే మా మేనమామ. ఒకవైపు నాటకాలు, రెండోవైపు ముందురోజు రిహార్సలు. సంగీతం గురించి రాసేటప్పుడు ఏ శ్రుతిలో పాడారో రాస్తే గొప్పగా ఉంటుందని, కీబోర్డు మీద వేలు పెట్టి ఫోనులో అక్క పాట పెట్టాను. పెట్టె మీద ఏ మెట్టు ఆధారంగా పాట ఎత్తుకుంటారో అదే దాని శ్రుతి. మా ఇద్దరికీ నాయన పెట్టింది అయిదో శ్రుతి. ఆ అయిదు అయిదు అనే మాట నెలంతా విన్నాను కాబట్టి ఇప్పటికీ గుర్తే. అయితే ఫోనులో అక్క పాట అయిదుకు కలవలేదు. ఆరుకు కలిసింది.

క్యాసెట్టు కదా, ఎక్కడో స్పీడు తేడా అనుకున్నాను. మామ బ్యాటరీలు నీరసించి ఉంటాయనుకున్నాను. వెనువెంటనే వచ్చే నా పాట పెట్టాను. అదే టేపు, అవే బ్యాటరీలు, అదే మధ్యాహ్నం. నా పాట అయిదులో అతికినట్టు కూర్చుంది. అక్క పాట మళ్లీ పెట్టాను. ఆరు. కాఫీ చల్లారి తొరక కట్టింది. శ్రుతి అలా పెంచితే పల్లవి దాకా ఇబ్బంది ఉండదు, కింది గొంతులో నడిచిపోతుంది. చరణం పైకెక్కినప్పుడు మాత్రం పద్నాలుగేళ్ల పిల్ల గొంతు చాలదు. పిల్ల పెట్టె వెంట పోతుంది తప్ప, పెట్టెను ఆపి ఇదేంది అని అడగలేదు కదా.

రెండోవైపు రిహార్సలు పెట్టాను. పెట్టకపోతే బాగుండేది. అక్క నవ్వుతూ ఏదో అడుగుతోంది. నాయన గొంతు, చనిపోయి పదేళ్లయిన గొంతు, పక్కనే కూర్చున్నట్టు పలికింది.

"అయిదులోనే ఎత్తుకో తల్లీ. నీ గొంతుకు అదే హద్దు. ఆరు పెట్టినామంటే చరణంలో పగుల్తాది."

నేను ఫోను బోర్లించి పెట్టేశాను. చెంబులో నీళ్లు తెచ్చుకుని తాగిన మనిషి. పెండ్లాం ఇచ్చిన టీ వద్దన్న మనిషి. పొరపాటున వేలు పడిందేమో అని నాలో నేనే నాయన తరఫున వాదించుకున్నాను. పొరపాటున ఒక మెట్టు తప్పు పడుతుంది గానీ, పాటంతా ఒక మెట్టు పైకి జరగదు. పెట్టె తెలిసిన నాకు ఆ దారి కూడా మూసుకుపోయింది. ఆ సీటు నాది కాదు. ఆ చదువు, ఈ ఉద్యోగం, ఈ ఎర్రపెన్ను ఏవీ నావి కావు. ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. ఆ క్రిస్మస్ తర్వాత నాయన నాటకాలకు పెట్టె ముట్టలేదు. నడుము నొప్పి అన్నాడు. పెట్టె వాయించే మనిషి లేక రెండు నాటకాలూ ఆగిపోయాయి. సినిమాల వల్ల ఆగిపోయాయని నేను ఎంతమందికి ఉపన్యాసం ఇచ్చానో.

మర్నాడు ఆరాధన ఎగ్గొట్టి బస్సెక్కాను. అక్క ఇంటి ముందు గోనెపట్ట మీద ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. ఏళ్ల తరబడి రాతిపొడి మింగిన గొంతు, ఇప్పుడు ఘాటు తోడై, మాటకు ముందొక దగ్గు వస్తుంది.

"ఏంది పాపా, ఆదివారం పూట ఇట్లొచ్చినావు? కూసో, చెయ్యి పెట్టబాక, మండుతాది."

నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేశాను. అయిదు, ఆరు, నాయన మాట, అంతా. చెప్తూ ఏడ్చాను కూడా. అక్క చేతులు ఆగలేదు.

"ఆయప్ప వేలు పెట్టె మీద పడంగానే తెలిసింది నాకు," అంది. "ఇదేంది చిన్నాయనా ఇంత పైన పెట్టినాడని సూసినా. ఆయప్ప తల ఎత్తలేదు."

"మరి చెప్పలేదేం?"

"ఎవురికి చెప్పేది? చెప్తే రెండు పల్లెలూ కొట్టుకు సచ్చేవి. మా అమ్మ, మీ అమ్మ మొగం చూసుకునేవాళ్లా?" కాసేపు దగ్గింది. "నాటకమైన వారానికి మా ఇంటికొచ్చినాడు చిన్నాయన. గడప కాడ కూసున్నాడు. నీళ్లిస్తే తాగినాడు. ఒక్క మాట మాట్లాడకుండా పోయినాడు. అంతే."

క్రిస్మస్ నాడు చర్చిలో ఈ సంగతి నేనే చదువుతానని చెప్పాను. అందరి ముందు చెబితే తప్ప నాకు అన్నం సయించదన్నాను. అక్క మొదటిసారి చేతిలో కాయ కింద పెట్టింది.

"అదేం వద్దు. మా అమ్మ మాటలు బాగుండాయని రాయి. అది చాలు." తర్వాత నా ముఖంలోకి వింతగా చూసింది. "అయినా ఇప్పుడెందుకు ఇట్ల ఏడుస్తాండావు? నీకు తెలుసు గదా ముందే."

"నాకేం తెలుసు? నిన్ననే గదా తెలిసింది!"

"నిజంగానా?" అక్క గొంతు చిన్నదైపోయింది. "నాకు తొలిసారి గొంతు చిరగంగానే ముందు నవ్విండేది నువ్వే పాపా. పెట్టె పక్కనే ఉంటివి. మీ నాయన నీకు చెప్పే పెట్టినాడనుకుంటి. ఇన్నేండ్లూ అట్లనే అనుకుంటి."

నవ్వానా? నవ్వే ఉంటాను. క్యాసెట్టులో ఆ నవ్వుల్లో నాది ఏదో వెతికే ధైర్యం నాకు ఇంకా రాలేదు. అక్క లేచి చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. నలభై అయిదేళ్లుగా, నేను తెలిసి నవ్విన చెల్లెలినే అనుకుంటూ, వెళ్లిన ప్రతిసారీ ఆమె నాకు ఇలాగే అన్నం పెట్టింది. ఆ పూటలన్నీ గడిచిపోయాయి. వాటిలో ఒక్క పూటకైనా తిరిగి వెళ్లి, నాకు తెలియదక్కా అని చెప్పి, ఆ తర్వాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే వీలు లేదు.